అసైన్‌మెంట్లు ఇచ్చే పని బేతాళుడికి అప్పగించండి

గౌరవనీయులైన మిస్సులకూ సార్లకూ నమస్కారం.

చెన్నై బడుల్లో తెలుగు, ఇంగ్లీషు, సోషల్ చెప్పే మీ అందరికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా రాస్తే నేను ఎవరి క్లాసులో కూర్చున్నానో ఇట్టే తెలిసిపోతుంది. ఉండేది వడపళనిలో. ఒకటో క్లాసు నుంచి టెన్త్ దాకా తెలుగు సెకండ్ లాంగ్వేజి. ఇప్పుడు ప్లస్‌వన్, సైన్స్ గ్రూపు. తెలుగు వ్యాసాలు రాసే బాధ వదిలింది. వదిలినదాన్ని మళ్లీ ఎందుకు తగిలించుకుంటావని అమ్మ అడిగింది. కారణం మా తమ్ముడు. వాడిప్పుడు సెవెన్త్. ఈ ఏడాది వాడికిచ్చిన వ్యాసాలు చూశాను. 'నా అభిమాన నాయకుడు', 'పుస్తక పఠనం వల్ల లాభాలు', 'చలనచిత్రాలు - లాభనష్టాలు'. సెవెన్త్‌లో నాకూ ఇవే. నాకంటే ముందు మా పక్కింటి అక్కకూ ఇవే, ఆ అక్క ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది. ఈలోపల ఊరికి మెట్రో వచ్చింది, రెండు వేల నోటు వచ్చి పోయింది కూడా. ఈ మూడు వ్యాసాలు మాత్రం చెక్కుచెదరలేదు.

వాటి మీద నాకు పగేమీ లేదు. హీరోలు, పుస్తకాలు, సినిమాలు. బస్సులో, లంచ్ బెల్లులో, రాత్రి వాట్సాప్‌లో మేం మాట్లాడుకునేవి ఈ మూడే, పుస్తకాలు కాస్త తక్కువ. మాకు అంత ఇష్టమైన సంగతులే ఏరి ఇచ్చి, పెన్ను పట్టుకోగానే వాటి మీద ఒక్క సొంత మాటా తోచకుండా చేయడం మీకెలా సాధ్యమైందన్నదే నా సందేహం.

ముందు సినిమా వ్యాసం సంగతి. దానికో అచ్చు ఉంది, మీకూ తెలుసు. మొదటి పేరాలో సినిమా శక్తివంతమైన మాధ్యమం. రెండో పేరాలో లాభాలు: విజ్ఞానం, వినోదం, దేశభక్తి. మూడో పేరాలో నష్టాలు: కళ్లు పోతాయి, డబ్బు పోతుంది, యువత పెడదోవ పడుతుంది. ఆఖర్న మంచిని తీసుకుని చెడును వదిలేయాలి. ఈ అచ్చు ఎక్కడా దాటకుండా నేను రాసిన వ్యాసానికి పదికి తొమ్మిది వచ్చాయి. మా నాన్న డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరు. సినిమాల వల్ల యువత చెడిపోతోందని కూతురు రాసిన కాగితం కింద సంతకం పెట్టి, చేతిరాత బాగుందని మెచ్చుకుని, డ్యూటీకి వెళ్లిపోయారు. ఆ టర్మ్ ఫీజు కట్టింది కూడా ఆ చెడగొట్టే డబ్బుతోనే.

మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియో ఉండేది. ఇప్పుడు అక్కడ ఆసుపత్రి, మాల్ ఉన్నాయి. 1957లో 'మాయాబజార్' తయారైంది ఆ స్టూడియోలోనే, తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి. తెలుగులో అభిమన్యుడు అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. మన శశిరేఖ అక్కడ వత్సల, రెండూ సావిత్రే. ఘటోత్కచుడు కూడా రెండు చోట్లా ఎస్వీ రంగారావే. విందు పాట దగ్గరకొచ్చేసరికి తెలుగులో మాధవపెద్ది సత్యం గొంతు, తమిళంలో తిరుచ్చి లోకనాథన్ గొంతు. నా పక్కన కూర్చునే తమిళమ్మాయి వాళ్ల పాట్టి ఆ పాట ఇప్పటికీ వంటింట్లో పాడుకుంటుందట. మా అవ్వా అంతే. వీళ్లిద్దరి మనసులో ఉన్న ఘటోత్కచుడు ఒకడేనా, ఇద్దరా? ఒకే ముఖానికి గొంతు మారిస్తే మనిషి మారతాడా? ఇది మా నాన్న రోజూ చేసే పనికి సంబంధించిన ప్రశ్న. దీని మీద నేను నాలుగు పేజీలు రాయగలను, నాన్న అర్ధరాత్రి దాకా చెప్పగలరు. కానీ ఇది లాభాల పేరాలోకీ రాదు, నష్టాల పేరాలోకీ రాదు.

ఇంకొకటి. ఆ సినిమాలో లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడతాయి. పడవ పాటలో వెన్నెల కురుస్తుంది, అది ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే చేతిలో తయారైన వెన్నెల. కంప్యూటర్లు లేని రోజుల్లో అవెలా తీశారో పెద్దవాళ్లను అడిగి, ఫోన్ కెమెరాతో తీసి చూపించి, ఫిజిక్స్ ప్రాజెక్టు అంటే ఒప్పుకుంటారా? వంట సోడా పోస్తే పొంగే అగ్నిపర్వతం కంటే మేలే కదా.

ప్రాజెక్టుల గురించి ఎక్కువ మాట్లాడను. అవి మావి కావు, మా అమ్మలవి. రాత్రి తొమ్మిదిన్నరకు అమ్మల వాట్సాప్ గ్రూపులో 'రేపటి చార్టు ఎల్లోనా, స్కై బ్లూనా' అని మొదలవుతుంది. వీధి చివర స్టేషనరీ షాపు అంకుల్‌కి వచ్చేదెవరో, అడిగేదేమిటో తెలుసు కాబట్టి షట్టరు సగమే దించి కూర్చుంటాడు. మా ప్యారీస్ కార్నర్ దగ్గర కాగితాల దుకాణాల ఆండర్సన్ స్ట్రీట్ ఉన్నంతకాలం మా ఊరికి కాగితాలకు కొదవ లేదు. ఎగ్జిబిషన్ రోజున ఫస్ట్ ప్రైజు ఎవరి అమ్మకు వస్తుందోనని మేం టెన్షన్‌తో చూస్తుంటాం.

ఇక అభిమాన నాయకుడు. నాకు ఘటోత్కచుడంటే ఇష్టం. 'మాయాబజార్'లో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు, గమనించారా? అయిదుగురు హీరోల్లో ఒక్కరూ తెర మీదికి రారు. వాళ్ల ఇంటి పెళ్లి నడిపించేది, నవ్వించేది, అవతలి పక్షానికి బుద్ధి చెప్పేది హిడింబ కొడుకు. శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేదు. అక్కడ ఈయన వంతుకు వచ్చింది వేరు. కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్న శక్తి ఆయుధం గతిలేక ఈయన మీద వేయాల్సి వచ్చింది. ఈయన పోయాడు, బాబాయి బతికాడు. పాండవులందరూ ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడని భారతంలోనే ఉంది. ఇంటి పిల్లవాడు చనిపోతే సంతోషించడం సబబేనా? నా వ్యాసం మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. అంతకుముందు నేనెప్పుడూ అంత ఇష్టంగా రాయలేదు. మర్నాడు ఎర్ర సిరాతో తిరిగొచ్చింది: 'పురాణ పాత్ర వద్దు. జాతీయ నాయకుని గురించి రాయుము.'

సరే అని రాశాను. స్టేషనరీ షాపులో నాయకుల బొమ్మల షీటు దొరుకుతుంది. బొమ్మ కత్తిరించి అంటించాలి. వెనకాల జీవిత చరిత్ర పది లైన్లలో అచ్చేసి ఉంటుంది. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, చదువు, జైలు, మరణం, చివర వారి అడుగుజాడల్లో నడవాలి. గాంధీగారి పేరు తీసి పటేల్‌గారి పేరు పెట్టినా వ్యాసానికి ఏమీ కాదు. ఇప్పుడు మీరందరూ చాట్‌జీపీటీ వచ్చి పిల్లల్ని పాడుచేసిందని బాధపడుతున్నారు. క్లాసులో అందరి వ్యాసాలూ ఒకేలా ఉంటున్నాయట. మిస్, అది పుట్టకముందే మేం ఆ పని చేసి చూపించాం. మాకు గైడు ఉండేది. గైడు లేని సబ్జెక్టుకు సీనియర్ల నోట్సు ఉండేది. జవాబు ముందే ఖాయమైపోయిన ప్రశ్న ఇస్తే మనిషి రాసినా అదే వస్తుంది, మిషన్ రాసినా అదే వస్తుంది. మిషన్‌ని పట్టుకోవడానికి మీరు పడుతున్న శ్రమలో పావు వంతు ప్రశ్న మీద పెట్టండి. ఈ ఉత్తరంలో నేను అడగదలచుకున్నది అదొక్కటే. మిగతాదంతా ఉదాహరణలు.

నాయకులంటే నాకు లెక్కలేదనుకోకండి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి నేను పరీక్షకు నేర్చుకున్నది: ఆంధ్ర మహిళా సభ స్థాపించారు, ప్రణాళికా సంఘంలో సభ్యురాలు. ఆ సభ 1937లో మా మద్రాసులోనే మొదలైందని కూడా నేర్చుకున్నాను, అది ఒక మార్కు ప్రశ్న. అసలు సంగతి అవ్వ చెప్పింది. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు. పక్కనే ఖాదీ ప్రదర్శన. గుమ్మం దగ్గర వలంటీరుగా దుర్గాబాయిని నిలబెట్టి, టికెట్ లేనివాళ్లను లోపలికి పంపొద్దని చెప్పారు. నెహ్రూ వచ్చాడు. టికెట్ లేదు. ఆపేసింది. ఆయన కోప్పడలేదు సరికదా, డ్యూటీ బాగా చేస్తోందని మెచ్చుకున్నాడు. ఆమెకు అప్పుడు పధ్నాలుగేళ్లు. పధ్నాలుగేళ్లంటే నైన్త్ క్లాసు! ఐడీ కార్డు మరిచిపోయి వచ్చిన ప్రిన్సిపాల్‌గారిని మా క్లాసు లీడరు గేటు దగ్గర ఆపితే ఏం జరుగుతుందో ఒక పేజీ రాయమని అడగండి. నవ్వుకుంటూ రాస్తాం, ఆవిడను జన్మలో మరిచిపోం.

బట్టలు కొనాలంటే మాకు టీ నగర్. టీ అంటే త్యాగరాయ, పిట్టి త్యాగరాయ చెట్టిగారు. అక్కడి పానగల్ పార్కు పేరు పానగల్ రాజా పానగంటి రామరాయణింగారిది, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రి, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి. ఇద్దరూ తెలుగువాళ్లే. దీపావళి ముందు ఆదివారం ఆ జనంలో తోసుకుంటూ నడిచేటప్పుడు మాకు ఇదేమీ తెలియదు, చెప్పులు తొక్కించుకోకుండా బయటపడటం ఒక్కటే తెలుసు. 1920లో త్యాగరాయ చెట్టిగారు మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం టిఫిను పెట్టడం మొదలుపెట్టారు. పిల్లవాడికి రోజుకు అణా మించకుండా ఖర్చు. దేశంలో ఇవాళ కోట్లమంది తింటున్న మధ్యాహ్న భోజనం కథ చెప్పేటప్పుడు ఇక్కణ్నుంచే మొదలుపెడతారు. నా ఓటు ఈయనకే. లంచ్ బెల్లుకు ముందు పీరియడ్‌లో ఓ అభిప్రాయ సేకరణ జరిపి చూడండి, మా క్లాసంతా ఈయనకే వేస్తుంది. కానీ బొమ్మల షీటులో ఈయన బొమ్మ దొరకదు.

పొట్టి శ్రీరాములుగారి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మైలాపూర్‌లో రాయపేట హైరోడ్డు మీద, బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో ఆయన 1952 అక్టోబర్ 19న దీక్షకు కూర్చున్నారు. డిసెంబర్ 15 రాత్రి పోయారు. 58 రోజులు. ఆ ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. మేం ఆయన మీద వ్యాసం రాసినప్పుడు క్లాసులో ఒక్కరం కూడా ఆ ఇల్లు చూడలేదు. సిటీ బస్సెక్కితే చేరిపోయే దూరం. 58 రోజులని మాత్రం అందరం ఎర్ర పెన్నుతో రాసి గడి కట్టాం.

నాకు తర్వాత తట్టిన ప్రశ్న వేరు. ఆయన అడిగింది మద్రాసుతో కలిపి ఆంధ్ర రాష్ట్రం. 1953 అక్టోబర్ 1న రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని అయింది, మద్రాసు ఇక్కడే ఉండిపోయింది. ప్రాణం పోసినవాడికి ప్రాణం పోయిన ఊరు దక్కలేదు. మరి ఆయన గెలిచినట్టా, ఓడినట్టా? మద్రాసు అటు వెళ్లి ఉంటే మాకు మేలు జరిగేదా? తమిళ నేస్తాలతో ఒకే డబ్బాలో సాంబారు సాదం పంచుకుని తినే మేం, అసలు ఎటువైపు మాట్లాడాలి? ఈ ప్రశ్న ఇంట్లో వేస్తే తాత ఒక పక్క చేరాడు, అవ్వ ఇంకో పక్క. నాన్న టీవీ సౌండు పెంచారు. అమ్మ, నీకు రేపు కెమిస్ట్రీ టెస్టు లేదా అంది. ఒక్క ప్రశ్నకు ఇంటిల్లిపాదీ ఇలా కదలడం నేను వ్యాసాల్లో ఎప్పుడూ చూడలేదు.

పుస్తకాల దగ్గరికి వద్దాం. పుస్తక పరిచయం అని ఒకటి రాయిస్తారు. పుస్తకం పేరు, రచయిత పేరు, పేజీలు, వెల, నచ్చిన పాత్ర, కథలోని నీతి. వెల ఎందుకో ఇప్పటికీ తెలియదు. నచ్చిందా లేదా అని అడిగే గడి లేదు, నచ్చి తీరాలి. నీతి కూడా ఉండి తీరాలి. ఈ ఫారం పట్టుకుని 'కన్యాశుల్కం' చదివినవాడి అవస్థ ఊహించండి. వెంకటేశం పరీక్ష తప్పాడు. సెలవుల్లో చదువు చెబుతానని వాడి వెంట వాడి ఊరికి బయల్దేరాడు గిరీశం. ఏం చదువు చెప్పాడో మీకూ తెలుసు, చుట్ట కాల్చడం వరకు మాత్రం శిష్యుడు బాగానే పాసయ్యాడు. మన సాహిత్యంలో ఇంతకంటే పేరున్న ట్యూషన్ మాస్టారు లేడు, మీరు నొచ్చుకోకపోతే ఈ మాట అంటున్నాను. నచ్చిన పాత్ర దగ్గర గిరీశం అని రాశాక నీతి దగ్గర ఏం రాయాలి? మంచివాడు కావాలంటే అదే నాటకంలో సౌజన్యారావు పంతులుగారున్నారు. ఆయన పేరు ఎంతమందికి గుర్తుంది? నాటకం మొదటిసారి ఆడింది 1892లో. ఇన్నేళ్లయినా కోతలరాయుడే అందరి నోటా ఉండి, పెద్దమనిషి ఎవరికీ గుర్తు లేకపోవడం గురజాడ గొప్పతనమా, మన లోపమా? నీతి అన్న గడి కొట్టేసి ఈ ప్రశ్న పెట్టండి.

నీతి అడిగే అలవాటు మన పంతుళ్లకు కొత్తది కాదులెండి. ఇప్పుడు కార్ల ఫ్యాక్టరీలకు పేరుపడిన మన శ్రీపెరంబుదూరులో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా పనిచేసిన చిన్నయసూరిగారు 1853లో 'నీతిచంద్రిక' వేశారు. తరతరాల పిల్లలకు అది పాఠ్యపుస్తకం. పేరులోనే నీతి ఉన్నా, అందులో నక్కలు సింహానికీ ఎద్దుకూ మధ్య పుల్లలు పెట్టే ఘట్టాలు చదువుతుంటే నీతి సంగతి ఎవరికి గుర్తొస్తుంది? ఆ భాష నాకు సగమే అర్థమైంది. నక్క మాత్రం మొత్తం అర్థమైంది. అలాంటి నక్క మా క్లాసులోనూ ఉంది, పేరు చెప్పను.

నచ్చని పుస్తకం గురించి కూడా రాయనివ్వండి. సగంలో మూసేసిన పుస్తకం ఏది, ఏ పేజీలో మూశావు, ఎందుకు? దీనికి గైడులో జవాబు ఉండదు. అబద్ధం చెప్పాలన్నా ఆ పేజీ దాకా చదవాల్సిందే. పుస్తకాలు దొరకవనకండి. ఎగ్మూరులో 1896 నుంచి కన్నెమరా లైబ్రరీ ఉంది. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక కాపీ పంపాల్సిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి, తెలుగు పుస్తకాలకు కూడా ఆ లెక్కే. ప్రతి ఏడూ పిక్నిక్ పేరుతో వాటర్ పార్కుకు తీసుకెళ్తారు కదా, ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. వాటర్ పార్కు మానేయమని నేను అన్నట్టు మాత్రం క్లాసులో చెప్పకండి, రెండూ అడుగుతున్నాను.

మా తాత చదువుకునే రోజుల్లో హోంవర్కుకు ఏడ్చేవాడట, కానీ నెలనెలా ఒక అసైన్‌మెంట్ తనంతట తానే చేసేవాడు. 'చందమామ' పత్రిక సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 1947 జూలైలో మద్రాసులో పుట్టింది, తెలుగు, తమిళం ఒకేసారి. ఆఫీసు మా వడపళనిలోనే. అందులో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది. రెండు ఫోటోలు ఇచ్చి, రెంటికీ సరిపోయేట్టు వ్యాఖ్యలు రాసి పంపమనేవాళ్లు. తాత పోస్టుకార్డు కొని, గళ్ల నోటుబుక్కులో చిత్తు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, గడువు దాటకుండా పంపేవాడు. ఒక్కసారీ ప్రైజు రాలేదు. పంపిన వ్యాఖ్యలు ఇప్పటికీ అప్పజెబుతాడు, ప్రైజు వచ్చినవాటి కంటే తనవే బాగున్నాయని వాదిస్తాడు. మార్కులు లేవు, సంతకం లేదు, చార్టు లేదు. మరి ఆ పిల్లవాడు ఎందుకు రాశాడు? రెండు ఫోటోలకు తన మాట ఒకటి కావాలని ఎవరో అడిగారు, అంతే.

అదే పత్రికలో బేతాళ కథలు. పాత సంస్కృతంలో ఉన్నవి ఇరవై అయిదే. అవి అయిపోయినా చందమామవాళ్లు ఆపలేదు, కొత్తవి కల్పించి దశాబ్దాల పాటు నడిపారు. శంకర్ గీసిన బొమ్మ, భుజాన శవం, చేతిలో కత్తి, ఇప్పటికీ మా ఇంట్లో పాత సంచికల మీద ఉంది. ఆ సంచికలు తిరగేస్తున్నప్పుడే మీకు ఈ ఉత్తరం రాయాలనిపించింది. బేతాళుడు ప్రశ్న వేసే పద్ధతి చూడండి. ముందు కథ పూర్తిగా చెబుతాడు. తర్వాత వీళ్లలో ఎవరు గొప్ప, ఎవరిది తప్పు, వాడు అలా ఎందుకు చేశాడు అంటాడు. చదివేవాడికి రెండు పక్కలా న్యాయం కనిపిస్తుంది. ఒక పక్క తేల్చుకోవాలి, ఎందుకో చెప్పాలి. ఆయన జవాబు చివరిదాకా వింటాడు. మార్జిను గీశావా, హెడ్డింగు కింద గీత కొట్టావా, పేజీన్నర వచ్చిందా అని అడగడు. విక్రమార్కుడికి తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. మాకు తెలిసింది చెబితే మార్కులు పోతాయి. ఇద్దరిలో ఎవరి పరిస్థితి మెరుగో మీరే చెప్పండి.

మీ కష్టం నాకు తెలియక కాదు. ఒక్కొక్కరికి నాలుగు సెక్షన్లు, సెక్షనుకు నలభై నోటుబుక్కులు, పోర్షన్ అయిపోవాలి, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లకు ప్రతి పేజీలో ఎర్ర సిరా కనపడాలి. ఒకే రకం వ్యాసాలైతే దిద్దడం తేలిక, టిక్కు కొట్టుకుంటూ పోవచ్చు. కానీ సినిమా శక్తివంతమైన మాధ్యమం అని ఒకే రాత్రి నలభై సార్లు చదవడం ఏం తేలిక? మా తెలుగు మిస్ ఒకరు నోటుబుక్కులు దిద్దుతూ స్టాఫ్ రూములో కునుకు తీయడం నేను చూశాను. తప్పు ఆవిడది కాదు, మా వ్యాసాలది. అందుకని వ్యాసాలు తగ్గించండి. టర్ముకు ఒకటి చాలు. ఒక పేజీ దాటొద్దనండి. ఆ ఒక్క పేజీ మాత్రం ఎవరూ ముందే రాసి పెట్టనిది కావాలనండి. మీకు దిద్దే పని తగ్గుతుంది, చదవాలని కూడా అనిపించవచ్చు.

బోర్డు పరీక్షలో లాభనష్టాల వ్యాసమే వస్తుందని మీరంటారు. నిజమే, వస్తుంది, నాకూ వచ్చింది. దాని అచ్చు నేర్పడానికి టెన్త్‌లో రెండు వారాలు సరిపోతాయి. దానికోసం సిక్స్త్ నుంచి రుద్దడం అన్యాయం. ఘటోత్కచుడి మీద దెబ్బలాడిన పిల్లకి లాభాలు మూడు, నష్టాలు మూడు రాయడం ఒక లెక్కా?

క్లాసులో గొడవ అవుతుందనే భయం కూడా ఉంటుంది. అభిమాన హీరో ఎవరో మీ ఇష్టం అంటే సగం మంది సినిమా హీరోల పేర్లు రాస్తారు, ఫ్యాన్స్ కొట్టుకుంటారు. కొట్టుకోనివ్వండి, కాగితం మీదే కదా. మా హీరో గొప్ప అని రాసినవాణ్ణి కూర్చోబెట్టి, అవతలి హీరో మీ వాడికంటే బాగా చేసిన సీను ఒకటి రాసి తీసుకురా అనండి. నేనెరిగిన ఫ్యాన్స్‌కి ఇంతకంటే కష్టమైన హోంవర్కు లేదు. చేసి తెచ్చాడంటే వాడికి పదికి పది వేయవచ్చు.

హాఫ్ ఇయర్లీ అయ్యాక డిసెంబర్ సెలవులకు ఎలాగూ హోంవర్కు ఇస్తారు. సెలవులు అయ్యీ అవకముందే జనవరిలో పుస్తకాల పండుగ కూడా మొదలవుతుంది, తెలుగు పుస్తకాలు మాత్రం వెతుక్కోవాలి. ఈసారి చార్టులు వద్దు. ప్రతి క్లాసుకూ ఒక్క బేతాళ ప్రశ్న ఇచ్చి చూడండి, మా తమ్ముడి క్లాసుతో మొదలుపెట్టినా సరే. ప్రశ్నలు కావాలంటే నా దగ్గర ఇంకా ఉన్నాయి. మా అవ్వ దగ్గర నాకంటే ఎక్కువ ఉన్నాయి, కాకపోతే ఆవిడ ప్రశ్న వేశాక జవాబు కూడా తనే చెప్పేస్తుంది.

ఈ ఉత్తరంలో ఒత్తులు, దీర్ఘాలు తప్పు పోయి ఉంటే ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి. ఇంపోజిషన్ మాత్రం వేయకండి.

ఇట్లు,
మీ పాత విద్యార్థిని,
వడపళని, చెన్నై